తొమ్మిదో పెట్టె

ఆ వేసవిలో మా అత్తయ్య పెరట్లో బట్టలు ఆరెయ్యడం మానేసింది. తీగ మీద వేసిన తెల్ల దుప్పటి సాయంత్రానికల్లా బూడిదరంగు తిరిగేది. దులిపితే పోయేది కాదు, తడి తగిలితే మరకై కూర్చునేది. "ఎవరో మన పెరట్లోనే పొయ్యి రాజేసినట్టుందే," అని విసుక్కునేది. నిజానికి అప్పటికి మంట మాకు చాలా దూరంలో ఉంది. రెండు లోయల అవతల.

నాది అటవీశాఖ ఆఫీసులో తెర ముందు కూర్చునే ఉద్యోగం. మా ఊరి వెనక మొదలయ్యే అడవిలో చెట్లకి అరచేతంత సెన్సర్లు కట్టి ఉంటాయి. వేడి పెరిగినా, గాలిలో పొగ తగిలినా పసిగడతాయి. అయితే వాటి గొంతు చిన్నది, ఎంతో దూరం పోదు. అందుకని గుట్టల నెత్తిన స్తంభాలు పాతి, ఒక్కోదానికి ఒక ఇనప పెట్టె, దాని పైన సోలార్ పలక, ఆ పైన యాంటెన్నా బిగించారు. కాగితాల మీద వాటి పేరు గేట్‌వేలు. మేం పెట్టెలు అనేవాళ్లం. చుట్టుపక్కల చెట్లు చెప్పేదంతా ఒక పెట్టె విని ఇంకో గుట్ట మీది పెట్టెకి చెప్తుంది, అది మరోదానికి. అలా చేతులు మారి చివరికి నా తెర మీద చుక్కలై పడుతుంది. పచ్చ చుక్క అయితే క్షేమం. ఎరుపైతే గొంతెత్తి అరవాలి. బూడిదరంగు చుక్క అయితే మాత్రం అక్కడేం జరుగుతోందో మాకు తెలియదని అర్థం.

ఆ పెట్టెల మంచీచెడ్డా చూసేది మా ఆయన. కొండలెక్కి పలకలు తుడవడం, తీగలు కొరికిన ఉడతల్ని తిట్టుకుంటూ కొత్త తీగలు వెయ్యడం, నీరసించిన బ్యాటరీలు మార్చడం. "ఊళ్లో ఉన్న కొండలన్నిటికీ స్నానం చేయిస్తాడు, ఇంట్లో నీళ్ల ట్యాంకు కడగమంటే మాత్రం నడుము పట్టేస్తుంది వీడికి," అనేది అత్తయ్య.

ఎవరైనా బ్యాటరీలు ఎత్తుకుపోతారేమోనని పెట్టె తలుపుకి ఒక చిన్న మీట పెట్టారు. తలుపు తీస్తే చాలు, 'తలుపు తెరిచి ఉంది' అని నా తెర మీద పడుతుంది. ఫోన్లు పలకని ఆ కొండల్లో మా ఇద్దరికీ అదే మాటామంతీ. మధ్యాహ్నం క్యారేజీ ఖాళీ చేశాక ఆయన తలుపు రెండుసార్లు తెరిచి మూసేవారు. తిన్నాను అని. ఒకసారి రేంజర్‌గారు నా కుర్చీ వెనక నిలబడి, "ఏమ్మా, ఐదో పెట్టె తలుపు ఊరికే కొట్టుకుంటోంది, గడియ ఊడిందేమో చూడమను మీ ఆయన్ని," అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నేను చెవులదాకా ఎర్రబడ్డాను.

ఆయన్ని కొండలకి తీసుకువెళ్లే జీపు డ్రైవరుని అందరూ పొడుగు అని పిలిచేవాళ్లు. మనిషి నా భుజానికి వస్తాడంతే. సీటు మీద రెండు గోనెసంచులు మడిచి వేసుకుంటే గానీ అతనికి దారి కనపడేది కాదు. మా ఇంటి ముందు జీపు ఆగితే అత్తయ్య, "జీపు దానంతటదే వస్తోందనుకున్నాను, దగ్గరికొచ్చాక నీ బుర్ర కనిపించింది," అనేది. "నువ్వు పెట్టే తిండి పైకి పోవడం లేదు పెద్దమ్మా, పక్కలకి పోతోంది," అనేవాడు అతను. అతని భార్య పైన సామిల్లులో పని చేసేది. వాళ్ల కాపురం మిల్లు కాలనీలో. వారంలో సగం రోజులు జీపు డ్యూటీ మీద ఊళ్లో ఉండిపోయేవాడు కాబట్టి ఆ రోజుల్లో తిండీ పడకా మా ఇంట్లోనే. మా ఆయన్ని అన్నా అనీ, నన్ను వదినా అనీ పిలిచేవాడు. పిలుపు మాత్రమే కాదు, మా ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో మా ఆయన కంటే అతనికే బాగా తెలుసు.

పొగ ఆ లోయలు దాటి మా మీదికి రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు చల్లారిన పెనంలా కనిపించేవాడు, కంటితో నేరుగా చూడొచ్చు. నా తెర మీద పెట్టెల బ్యాటరీలు దిగడం మొదలైంది. పగలు ఎక్కాల్సిన అంకె ఎక్కడం లేదు.

"ఎండ లేదు సార్," అన్నారు మా ఆయన రేంజర్‌గారితో. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. "పొగ వస్తే ఎండ ఉండదు. ఎండ లేకపోతే పెట్టె ఉండదు. సరిగ్గా కావలసిన రోజునే నిద్రపోతాయి ఇవి."

రేంజర్‌గారు మొహం రుద్దుకున్నారు. "మబ్బు పట్టినా కొన్నాళ్లు నడుస్తాయన్నారు కదయ్యా, అమర్చినప్పుడు."

"మబ్బుకి నడుస్తాయి సార్. వాన మబ్బు వచ్చిందంటే ఎలాగూ మంట ఉండదు కదా. దీని సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు."

ఎవరి తప్పని వెతికే తీరిక లేదు. కొత్త బ్యాటరీలు కావాలని పైకి రాశారు. పంపుతున్నామని జవాబు వచ్చింది, బ్యాటరీలు రాలేదు. ఆఫీసులో ఉన్న కాసిని బ్యాటరీలనీ ఇక్కడే కరెంటు మీద చార్జి చేసి, జీపులో వేసుకుని, ఏ పెట్టె ఎక్కువ నీరసంగా ఉంటే దానికి పెట్టి, దాని పాతది దించి తెచ్చి మళ్లీ చార్జి చెయ్యడం. అదే పని పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా. రోగులు ఎక్కువై సెలైను సీసాలు తక్కువైన ఆసుపత్రిలా ఉండేది మా పరిస్థితి.

ఒక సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు నల్లగా పోయాయి. అత్తయ్య చెంబు పట్టుకుని నిలబడి చూసింది.

"రేపు వెళ్లకురా," అంది.

"మంట దగ్గరికి కాదమ్మా నేను వెళ్లేది. పెట్టె దగ్గరికి."

"పెట్టె ఎక్కడుంది? మంట ఉన్న అడవిలోనే కదా?"

ఆయన నా వైపు చూశారు, నేనేదో సర్ది చెప్తానని. ఏ పెట్టె ఎంతసేపటికి ఆగిపోతుందో పొద్దుటినుంచీ చూసి వచ్చినదాన్ని నేను. వెళ్లొద్దంటే పైన కాలనీ ఉంది. వెళ్లమంటే ఈయన ఉన్నారు. పొడుగు మెట్ల మీద కూర్చుని బూట్లలో ఇసక దులుపుకుంటూ, "నేనున్నాగా పెద్దమ్మా, వెళ్లినవాణ్ణి వెళ్లినట్టు తెచ్చి నీ గుమ్మంలో దింపుతా. గీత పడితే నన్నడుగు," అన్నాడు.

"గీత పడితే నీ చెవి మెలేస్తా," అంది అత్తయ్య. కానీ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్న నేను వెళ్లేసరికి గది నిండా మనుషులు. గాలి రాత్రికి రాత్రి పెరిగింది. మంట ఒక లోయ దాటేసింది, రెండోదాని అంచున ఎక్కడో ఉంది. ఎక్కడో అని ఎందుకంటున్నానంటే, ఆ వైపు చుక్కలన్నీ బూడిదరంగుకి తిరిగిపోయాయి. రేంజర్‌గారు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఒక్క చోటికి పంపగలనమ్మా. ఏది ముందు?"

దానికి ఆలోచన అక్కర్లేదు. "తొమ్మిదో పెట్టె సార్. మిల్లు కాలనీ మీద గుట్ట. అది లేచిందంటే ఆ లోయ మొత్తం కనపడుతుంది."

తల ఊపారు. వరండాలో మా ఆయన అప్పటికే బ్యాటరీ భుజాన వేసుకుని ఉన్నారు. నా ముందునుంచే వెళ్లారు. "టిఫిన్ డబ్బా ఇంట్లో మర్చిపోయావు, తెచ్చి నీ టేబుల్ మీద పెట్టాను, తిను," అన్నారు. అంతే అన్నారు.

జీపు గుట్ట సగందాకా పోతుంది. అక్కడినుంచి కాలిబాట, మనిషి మాత్రమే ఎక్కగలిగేది. చేతిలో పట్టుకునే వైర్‌లెస్ సెట్లన్నీ మంట ఆర్పేవాళ్లకి ఇచ్చేశారు. జీపులో బిగించిన సెట్టొకటే ఉంది. కాబట్టి పొడుగు జీపులో ఆగుతాడు, ఈయన పైకి ఎక్కి పని చూసుకుని దిగుతారు.

చాలాసేపటికి నా తెర మీద పడింది. తొమ్మిదో పెట్టె, తలుపు తెరిచి ఉంది. దాంతోపాటే బ్యాటరీ అంకె చప్పున పైకి లేచింది. చచ్చినట్టు పడి ఉన్న చుక్కలన్నీ ఒకదాని తర్వాత ఒకటి కళ్లు తెరిచాయి. గదిలో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. తెరుచుకున్న కళ్లలో చాలావరకు ఎర్రవే. మంట మేమనుకున్న చోట లేదు. కాలనీ నుంచి ఊళ్లోకి వచ్చే పెద్ద రోడ్డుని అప్పటికే అందుకోబోతోంది.

"పెద్ద రోడ్డు వద్దు! ఏటి దారిన దింపండి జనాన్ని!" అని రేంజర్‌గారు మైకులో అరిచారు. కాలనీ దగ్గరున్న లారీలు అటు తిరిగాయి. పెద్ద రోడ్డున దింపి ఉంటే అందరూ నేరుగా మంటలోకే వెళ్లేవాళ్లని తర్వాత అందరూ అన్నారు. నేను అది అప్పుడే, అక్కడే చూశాను, తెర మీద.

ఆ తర్వాత గాలి తిరిగింది.

తొమ్మిదో గుట్ట కింది వైపు చెట్ల అంకెలు కదిలాయి. ముందు అన్నిటికంటే కిందిది. తర్వాత దాని పై వరస. పెట్టె కొత్త బ్యాటరీ మీద ఉంది, నిండుగా ఉంది. ఏ ఒక్కటీ జారవిడవకుండా ప్రతి చెట్టు మాటా నాకు స్పష్టంగా చెప్తోంది. ఆ పెట్టె అంత బాగా పని చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. తలుపు ఇంకా తెరిచే ఉంది.

"మూయండి," అని నాలో నేను అనుకుంటున్నాననుకున్నాను. పైకే అన్నానట. పక్క కుర్చీలో అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

సెట్టులో పొడుగు గొంతు వచ్చింది. దగ్గుతున్నాడు. "వదినా, అన్న దిగాడా ఏమైనా తెలుస్తోందా? ఇక్కడ పొగ ఎక్కువైంది."

కనిపించింది చెప్పడమే నా పని. "తలుపు ఇంకా తెరిచే ఉంది," అన్నాను.

"అంటే అక్కడే ఉన్నాడన్నమాట."

రేంజర్‌గారు మైకు లాక్కున్నారు. "నువ్వు అక్కడినుంచి వచ్చెయ్. ఇప్పుడే. అతను ఏదో దారి చూసుకుని దిగుతాడు. వినపడిందా? జీపు తిప్పు."

"సరే సార్. వచ్చేస్తున్నా," అన్నాడు.

తర్వాత సెట్టులో గరగర తప్ప ఏమీ లేదు. రేంజర్‌గారు నన్ను చూసి మెల్లిగా, "నువ్వు బయటికి వెళ్లమ్మా కాసేపు," అన్నారు. "నేను వెళ్తే ఎవరు చదువుతారు సార్?" అన్నాను. ఏటి దారిలో లారీలింకా నడుస్తూనే ఉన్నాయి, మంట వాటి వైపు తిరుగుతుందేమో ఎవరో ఒకరు చెప్తూ ఉండాలి. చదివాను. కాలిబాట పక్క చెట్లు వరసగా ఎర్రబడి, ఎర్రబడినవి బూడిదరంగుకి తిరగడం, పైకి, ఇంకా పైకి. నా నోరు అంకెలు చెప్తూ పోయింది. చివరికి పెట్టె కూడా ఆగింది. బ్యాటరీ అయిపోయి కాదు.

ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. సెట్టు పలికింది. ఏటి వంతెన దగ్గరున్న ఫైరింజను వాళ్ల సెట్టు. కానీ గొంతు వాళ్లది కాదు.

"నేను. వంతెన దగ్గరున్నాను. కాలనీ లారీ ఎక్కించుకుంది."

మా ఆయన. కింద పొగ లేవడం చూసి తలుపు వెయ్యకుండానే పరుగెత్తి, గుట్టకి అవతలి పక్క రాళ్ల మీదుగా జారుకుంటూ కాలనీలోకి దిగారట. నాకు ఏడుపు రాలేదు, నవ్వులాంటిదేదో వచ్చింది. గదిలో అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో నా వీపు తడుతున్నారు.

"పొడుగు వచ్చాడా?" అన్నారాయన సెట్టులో.

నా వీపు మీది చెయ్యి ఆగిపోయింది.

రేంజర్‌గారు మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నారు. "వస్తున్నాడు. దారిలో ఉన్నాడు," అన్నారు.

రెండు రోజుల తర్వాత, నేల మీద కాలు పెట్టగలిగే వేడికి వచ్చాక, జీపు దొరికింది. ఎప్పుడూ ఆగే చోట కాదు. కాలిబాట మీద, జీపు పట్టనంత ఇరుకైన చోటిదాకా ఎక్కించి ఉంది. మూతి పైకే ఉంది.

కాలనీ జనాన్ని మా ఊరి స్కూల్లో ఉంచారు. అత్తయ్యా, ఆయనా, నేనూ వెళ్లాం. పొడుగు భార్య ఒక తరగతి గదిలో చాప మీద కూర్చుని ఉంది. మిల్లులో రంపాలకి పళ్లు పదును పెట్టే పని ఆమెది. ఆ రొదలో ఏళ్లు గడిపి చెవులు మందగించాయి, అందుకే గట్టిగా మాట్లాడుతుంది. మమ్మల్ని చూసి మొహం విప్పారింది.

"ముగ్గురూ వచ్చారే!" అంది గదంతా వినపడేలా. తర్వాత మా వెనక గుమ్మం వైపు చూసింది. మేం గుమ్మానికి అడ్డంగా ఉన్నామేమోనని పక్కకి వంగి మరీ చూసింది.

అత్తయ్య మోకాళ్ల నొప్పితో మూలుగుతూ ఆమె పక్కన చాప మీద కూలబడి, ఆమె తలని తన భుజం మీదికి లాక్కుంది.

మిల్లు కాలిపోయింది, కాలనీలో ఇళ్లూ కాలిపోయాయి. ఆమెకి వెళ్లడానికి చోటు లేదు. "మనింటికి రాక ఇంకెక్కడికి పోతుంది?" అంది అత్తయ్య. ముందు గదిలో, పొడుగు పడుకునే చోటే ఆమెకి పక్క వేసింది. ఆమె ఏడ్చేది కాదు, మాట్లాడేదీ తక్కువే. వచ్చిన మర్నాడే మా వంటింట్లో ఉన్న కత్తులన్నీ తీసి నూరింది. అవయ్యాక కత్తిపీట. ఆ తర్వాత ఇరుగుపొరుగు కత్తెరలు, కత్తులు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. మా అరుగు మీద పొద్దంతా ఇనుము గీకే చప్పుడు. మా వీధిలో ఆ వేసవిలో మొద్దుబారిన కత్తంటూ లేదు.

మా ఆయన ఆమె ఉన్న గదిలోకి వచ్చేవారు కాదు. ఆమె భోజనం అయ్యి లేచాకే వచ్చి కూర్చునేవారు. ఆమె ఎదురుపడితే చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయేవారు. కొండలు ఎక్కనని రాసిచ్చి స్టోర్సులోకి మారారు. "మీరు ఆ పిల్లతో ఒక్కసారి మాట్లాడండి," అని నేను అంటే, "ఏమని?" అనేవారు. నిజంగానే, ఏమని. ఒకే ఇంట్లో నలుగురం, ఒకరి పక్కనుంచి ఒకరం తప్పుకుంటూ తిరిగేవాళ్లం. "బావగారికి నేనిక్కడ ఉండటం ఇష్టం లేదేమో అక్కా," అని ఒకసారి నన్నే అడిగింది. కాదంటూ తల అడ్డంగా ఊపాను.

మంటని ఆర్పింది మేం కాదు, వానలు. అవి కూడా చాలా ఆలస్యంగా, సాధించినట్టు వచ్చాయి. వాటి వెనకే, ఆఫీసుకి కొత్త బ్యాటరీలు వచ్చాయి. ఇదివరకటి వాటికంటే పెద్దవి. ఎండ లేకపోయినా చాలా రోజులు నిలుస్తాయట. స్టోర్సులో వాటిని దించుకుని సంతకం పెట్టింది మా ఆయనే.

ఆ వారంలోనే ఒక సాయంత్రం. బయట వాన. ఆమె అరుగు మీదినుంచి పని సామాను లోపలికి తెచ్చుకుని, గచ్చు మీద కూర్చుని పక్కింటివాళ్ల కత్తెర నూరుతోంది. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. అత్తయ్య గోడకి ఆనుకుని కునుకు తీస్తోంది. ఉన్నట్టుండి ఆమె నూరడం ఆపి అడిగింది.

"అక్కా, ఆ రోజు నువ్వు చూశావుగా, తెర మీద. ఆయన ఎలా కనపడ్డాడు?"

అత్తయ్య కళ్లు తెరిచింది.

"కనపడలేదు," అన్నాను గట్టిగా. "జీపు కనపడదు. మనుషులూ కనపడరు. చెట్లే కనపడతాయి."

"చెట్లేనా?"

"చెట్లూ, పెట్టే. అంతే."

"మరి ఎందుకు పైకి పోయాడు? దిగి రమ్మన్నారు, సరేనన్నాడు అంటారు అందరూ. సరేనన్న మనిషి పైకి ఎందుకు పోతాడు?"

లోపలి గది తలుపు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో. వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. వచ్చి ఆమె ఎదురుగా, కత్తెరకీ తనకీ జానెడు దూరంలో గచ్చు మీద కూర్చున్నారు. తల వంచుకుని ఏదో అన్నారు. నాకే సరిగా వినపడలేదు.

"ఏంటి బావగారూ? నాకు చెవులు లేవు. గట్టిగా చెప్పండి."

మళ్లీ అన్నారు. ఆమె చెయ్యి చెవికి ఆనించి ముందుకు వంగింది. "ఊహూఁ. ఇంకా గట్టిగా."

"నా కోసం!" అని అరిచారాయన. ఆ ఇంట్లో ఆయన గొంతు అంత పెద్దదిగా నేనెప్పుడూ వినలేదు. "నా కోసం వచ్చాడు! నేనక్కడ లేను! అవతలి పక్క దిగిపోయాను!"

పక్కింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆమె ఆయన మొహంలోకే చూస్తోంది. కోర్టులో అడిగినట్టు కాదు, తెలియని దారి అడిగినట్టు అడిగింది.

"మీరు అటు దిగుతారని ఆయనకి తెలియదా?"

"తెలియదు!"

"చెప్పే వీలు లేకపోయిందా?"

"లేదు! సెట్టు లేదు నా దగ్గర!"

"అక్కకి?"

"నాకూ తెలియదు," అన్నాను. "తలుపు తెరిచి ఉందనే కనపడింది."

ఆమె ఒక్కొక్కరి మొహం చూసింది. మా ఆయన మొహం, నా మొహం, ఆఖరికి అత్తయ్య మొహం కూడా, అక్కడైనా ఏమైనా ఉందేమోనన్నట్టు.

"అయితే తిట్టుకోడానికి కూడా ఎవరూ లేరన్నమాట," అంది.

కత్తెర మళ్లీ చేతిలోకి తీసుకుంది. వేలితో అంచు తడిమి చూసుకుని, రాయి మీద నీళ్లు చిలకరించి, నూరడం మొదలుపెట్టింది. మా ఆయన మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడుస్తున్నారు. ఆ ఇనుము చప్పుడు మీదుగా కూడా అత్తయ్యకీ నాకూ వినపడుతూనే ఉంది. ఆమె తల ఎత్తలేదు. వినపడి ఉండదు.